రఘునాథ్ అసలు బరువు

తిరుపతిలో అద్దె ఇళ్లు కట్టేవాళ్లు నేలకు వాలు పెడతారు, నీళ్లు బయటికి పోవాలని. నీళ్లు పోవు. నచ్చిన మూల చూసుకుని అక్కడే మకాం పెడతాయి. వాలు మాత్రం ఇంట్లో ఉండే ప్రతి వస్తువుకూ తగులుతుంది. మంచం కోడు కింద మడిచిన అట్టముక్క పెట్టాలి. గ్రైండరు తిరుగుతూ తిరుగుతూ వంటింటి గడప దాకా వచ్చి, ఎవరైనా పట్టుకుంటారేమోనని చూస్తుంది. ఇవన్నీ రఘునాథ్ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే. బరువు చూసుకునే మిషన్‌ను ఏ చోట పెడితే ఆ చోటుకొక బరువు చూపిస్తోంది.

హాల్లో టీవీ ముందు ఎనభై మూడున్నర. బాత్రూం బయట ఎనభై మూడు. బాల్కనీ తలుపు దగ్గర ఎనభై నాలుగు దాటుతుంది. అక్కడ నిలబడితే మనిషికి బతుకు మీద విరక్తి పుడుతుంది. పూజగది ముందు పరిచిన నల్ల గ్రానైట్ మీద మాత్రం ఎనభై రెండున్నర. అదీ తెల్లవారగానే, పరగడుపున, బాత్రూం పనులన్నీ ముగిశాక, చెడ్డీతో నిలబడి, ఊపిరంతా వదిలేస్తే.

ఇంటి ఓనరుకు ఫోన్ చేసి నేల సరిచేయించమన్నాడు. ఏ గదిలో నీళ్లు నిలుస్తున్నాయని ఓనరు అడిగాడు. నీళ్లు కాదు, బరువు సమస్య అన్నాడు రఘునాథ్. ఓనరు ఆ రోజు నుంచి అతని ఫోన్ ఎత్తడం లేదు.

రఘునాథ్‌కు నలభై తొమ్మిదేళ్లు. ఒక బీమా ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. ఆ వయసులో ఆ ఉద్యోగానికి ఎంత పొట్ట ఉండాలో అంతే ఉంది. అయితే ఆ పొట్ట మీద అతనికి స్థిరమైన అభిప్రాయం లేదు. పొద్దున మిషన్ ఏం చెబితే ఆ రోజుకు అదే అభిప్రాయం. ఎనభై రెండున్నర చూపిస్తే అద్దంలో ఒక చక్కటి మనిషి కనిపిస్తాడు. చొక్కా ప్యాంటులోకి పోతుంది, దువ్వెన ఇంకో నాలుగుసార్లు ఆడుతుంది. ఎనభై మూడున్నర చూపిస్తే అదే అద్దంలో, అదే బల్బు కింద, ఎవరో స్వీటంగడి యజమాని కనిపిస్తాడు. చొక్కా బయటికి వచ్చేస్తుంది. ఈ ఇద్దరు మనుషుల మధ్య జరిగిందల్లా రాత్రి సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి కాస్త ఎక్కువ వేసుకోవడం.

భార్య రేవతి అతని మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ బావే కాబట్టి, భర్తయ్యాడు కదా అని కొత్తగా గౌరవం పుట్టుకురావడానికి అవకాశం దొరకలేదు.

"బావా, కనీసం తువ్వాలన్నా కట్టుకో. సామి ముందర ఏందది?"

"తువ్వాలు మూడొందల గ్రాములు ఉండాది."

"సామికి కండ్లు ఉండాయి కదా."

"సామికి అన్నీ తెలుసు. తువ్వాలు కట్టుకుంటే మాత్రం తెలీదా?"

రేవతి ఆ మిషన్ ఎక్కదు. ఎన్నడూ ఎక్కలేదు. తన బరువుతో తనకు పేచీ లేదంటుంది. పెళ్లిళ్లలో ఫోటో తీసేటప్పుడు మాత్రం ఎవరో ఒకరి వెనక నిలబడి, ముఖం వరకు బయట పెడుతుంది. ఇరవై ఏళ్ల ఆల్బంలో రేవతికి భుజాల కింద ఏముందో చూపించే ఫోటో ఒక్కటీ లేదు.

రఘునాథ్‌కు ఒక సిద్ధాంతం ఉంది. మనిషికి రోజుకో బరువు ఉంటుంది గానీ, అసలు బరువు ఒక్కటే ఉంటుంది. అది జీవితంలో ఎప్పుడో ఒకసారి బయటపడుతుంది. రెండేళ్ల కిందట శ్రీకాళహస్తిలో ఒక పెళ్లికి పోయి పెరుగువడ తిన్నాడు. అది ఏనాటి వడో తెలియదు గానీ, తిరిగొచ్చాక రెండు రోజులు బాత్రూంలోనే కాపురం చేశాడు. మూడో రోజు పొద్దున గోడ పట్టుకుని వచ్చి మిషన్ ఎక్కితే డెబ్బై ఎనిమిది చూపించింది. నిలబడే ఓపిక లేకపోయినా ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఫోన్లో ఉంది. సాయంత్రానికి ఎనభై ఒకటైంది, నాలుగు రోజుల్లో ఎనభై మూడైంది. అయినా రఘునాథ్ దృష్టిలో తన అసలు బరువు డెబ్బై ఎనిమిదే. మిగతాది నీళ్లు. ఫోన్లో చదివాడు కూడా.

ఇలా ఎవరికీ హాని లేకుండా సాగిపోతుండగా, మాఘమాసంలో ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది.

రఘునాథ్ అప్పుడు యూనివర్సిటీ గ్రౌండులో వాకింగ్ స్నేహితులతో ఉన్నాడు. వాకింగ్ అంటే ఒక రౌండు నడిచి, సిమెంటు బెంచీ మీద కూర్చుని, ఎవరు ఎంత తగ్గారో చెప్పుకోవడం. వారం ముందే అక్కడ రఘునాథ్ తన అసలు బరువు చెప్పి అందరినీ కాస్త ఇబ్బంది పెట్టాడు. వాళ్ల అమ్మ చెంగమ్మ పాకాల దగ్గర ఊళ్లో ఉంటుంది. స్పీకర్ పెట్టినా పెట్టకపోయినా ఆమె మాట నలుగురికీ వినబడుతుంది కాబట్టి అతను స్పీకరే పెడతాడు.

"రఘూ, నీ తూకం ఎంతరా?"

బెంచీ మీద నలుగురూ ఇటు తిరిగారు.

"ఎందుకుమా?"

"ఎందుకేంది సామీ? మొక్కుబడి మర్సిపోయినావా? రేపో ఎల్లుండో గానుగ ఆపేస్తారంట. ఎంత బెల్లం వండియ్యాలో తెలియొద్దా?"

మొక్కుబడి సంగతి ఇది. పోయిన వానాకాలం రఘునాథ్‌కు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. చెంగమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఊళ్లో గుట్ట మీద ఉండే వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది: నా కొడుకు లేచి నడిస్తే వాడి ఎత్తు బెల్లం తూచి ఇస్తాను. కొడుకు లేచి నడిచాడు. చెంగమ్మ చెరకు తోటలో ఆ మేరకు ఒక చెక్క పైరు కొట్టకుండా ఆపి పెట్టింది.

ఆ గుట్ట మీద తులాభారానికి కొన్ని పద్ధతులున్నాయి. బెల్లం సొంత చెరకుదే కావాలి, ఆ ఏడు వండిందే కావాలి, అంగట్లో కొన్నది పనికిరాదు. తక్కెడ తట్టలో ఒకసారి పెట్టిన బెల్లం వెనక్కి తీయకూడదు. తీస్తే ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నట్టు. తట్టలు సమంగా నిలబడితేనే మొక్కు తీరినట్టు. నిలబడకపోతే తీరనట్టు. చెంగమ్మ లాంటి మనిషికి మొక్కు తీరలేదంటే డెంగీ వీధి చివర నిలబడి ఉన్నట్టే లెక్క.

ఇవన్నీ రఘునాథ్‌కు తెలుసు. కానీ బెంచీ మీద నలుగురు స్నేహితులు చెవులు ఇటు పెట్టి ఉన్నారు.

"డెబ్బై ఎనిమిది," అన్నాడు.

చెంగమ్మ ఇంకోసారి అడిగింది. "డెబ్బై ఎనిమిదేనా?"

"అంతేమా."

"సరేలే సామీ," అంది. బెల్లం మండీలో దళారి రేటు చెబితే వినే గొంతుతో అంది. రఘునాథ్ అది గమనించలేదు. స్నేహితుల ముఖాలు గమనించే పనిలో ఉన్నాడు.

సాయంత్రం రేవతికి చెప్పాడు.

"పొద్దున మిషన్లో ఎనభై మూడు కదా బావా?"

"అది నీళ్లు."

"ఆ నీళ్లను ఈడ ఇడిసిపెట్టి పోతావా ఊరికి?"

బెల్లం వండేశారు. గానుగ ఆపేశారు. ఫాల్గుణంలో మంచి శనివారం చూసి ముహూర్తం పెట్టేశారు. ఇక మిగిలిన మార్గం ఒక్కటే, మనిషి డెబ్బై ఎనిమిది కావడం. తన తట్ట దిగిపోయి నేలకు ఆనితే, ఊరు మొత్తం ముందు అమ్మ మొక్కు ఆగిపోతుంది. పైగా చిత్తూరు నుంచి బామ్మర్ది దేవేంద్ర వస్తాడు, ఫోన్లో వీడియో తీస్తాడు. ఈ రెండింట్లో ఏది ఎక్కువ భయమో రఘునాథ్ తనను తాను అడగలేదు.

ఆ రోజు నుంచి రాత్రి భోజనం మానేశాడు. ఊరిబిండి మానేశాడు. వాకింగులో బెంచీ మానేశాడు. మొదటి వారం బరువు బాగా తగ్గింది. రెండో వారం ఏ తప్పూ చేయకుండానే పెరిగింది. ఒకరోజు ఉప్పు లేని ఉప్మా తిని పడుకుంటే పొద్దునకు అర కిలో ఎక్కింది. ఇంకో రోజు ఎవరిదో పుట్టినరోజని ఆఫీసులో కేకు, మిక్చరు తిని, దిగులుతో పడుకుంటే అర కిలో తగ్గింది. తాను ఏం చేస్తున్నాడో మిషన్‌కు తెలియడం లేదని అతనికి అనుమానం వచ్చింది. బ్యాటరీలు మార్చాడు. కొత్త బ్యాటరీలతోనూ అదే అన్యాయం. క్షవరం చేయించుకుని వచ్చి ఎక్కాడు. తేడా రాలేదు. మంగలి సరిగ్గా కత్తిరించలేదన్నాడు.

ఒక బుధవారం ఉన్నట్టుండి ఎనభై ఒకటి చూపించింది. దిగి మళ్లీ ఎక్కాడు. ఎనభై ఒకటే. అద్దంలో చూసుకున్నాడు. దవడ ఎముక కనిపించింది. ఎన్నో ఏళ్లుగా బీరువా అడుగున ఉన్న నీలం చొక్కా తీశాడు. గుండీలు పట్టాయి. పొట్ట దగ్గర గుండీ కొంచెం ఆలోచించి పట్టింది. ఆ చొక్కాతో ఆఫీసుకు పోయి, అవసరం లేకపోయినా అన్ని సెక్షన్లూ తిరిగి వచ్చాడు. ఒకరిద్దరు "ఏం సార్, ఒంట్లో బాగలేదా?" అని అడిగారు. సంతోషించాడు.

సాయంత్రం ఇంటికొచ్చి రేవతికి చెప్పాడు, "పొద్దున ఎనభై ఒకటి."

"యాడ చూసుకున్నావు?"

"ఎప్పుడూ చూసుకునే చోటే."

"నిన్న ఇల్లు తుడిసి, మిషన్ను ఇంత పక్కకి పెట్టినా. ఒక కాలు గ్రానైట్ సందులోకి దిగింది చూడు."

రఘునాథ్ వంగి చూశాడు. నిజమే. సరిచేసి ఎక్కాడు. ఎనభై మూడు. పొద్దున పట్టిన గుండీ ఆ క్షణం నుంచి పొట్టను కోయడం మొదలుపెట్టింది. చొక్కా అదే, పొట్ట అదే, మధ్యలో గ్రానైట్ సందు ఒక్కటే తేడా. చొక్కా విప్పి మడిచి బీరువా అడుగున పెట్టేశాడు. ఆ వారం కొలీగ్ ఇంట్లో గృహప్రవేశానికి కూడా పోలేదు. తలనొప్పి అని చెప్పాడు.

శుక్రవారం దేవేంద్ర ఫోన్ చేశాడు. రేవతి తమ్ముడు, చిత్తూరులో సెల్‌ఫోన్ల అంగడి. ఏం తిన్నా ఒంటికి పట్టని మనిషి. సన్నగా ఉన్నాడని పెళ్లిచూపుల్లో రెండు సంబంధాలు తప్పిపోయినప్పటి నుంచి చొక్కా లోపల రెండు బనియన్లు వేసుకుంటాడు. వేసవిలో కూడా.

"ఏం బావా, రేపు తక్కెడ ఎక్కుతా ఉండావంట. కట్టు గట్టిదేనా, చూసినావా?"

"నా సంగతి సరే. నువ్వు ఎక్కితే తక్కెడకు తెలిసేదానికి ఎన్ని బనియన్లు తొడగాల్నో చూసుకో."

"నాదేముందిలే బావా. నిన్ను వీడియో తీసేదానికి ఫోన్ రెండు సార్లు చార్జింగ్ పెట్టినా."

గురువారమే ఉప్పు మానేసిన రఘునాథ్ శుక్రవారం అన్నం మానేశాడు. శనివారం పొద్దున మంచినీళ్లు కూడా ముట్టలేదు. నోరు పుక్కిలించి ఊసేశాడు. గ్రానైట్ మీద, ఊపిరి వదిలి, ఎనభై. ఇంకా రెండు కిలోలు. ఊళ్లో నేల సమంగా ఉంటుంది, అక్కడైతే ఇంకా తగ్గవచ్చు అనే ఆశతో మిషన్‌ను తువ్వాల్లో చుట్టి కారు డిక్కీలో పెట్టాడు.

"గుడికి పోతా మిషన్ ఎందుకు?" అంది రేవతి.

"ఎక్కే ముందు ఒకసారి చూసుకుంటా."

"పెండ్లికి నన్ను చూసేదానికి వచ్చినప్పుడు కూడా ఇంత చూడ్లేదు నువ్వు."

చంద్రగిరి దాటేసరికి అతనికి కళ్లు తిరిగాయి. రేవతి కారు ఆపించి తాను నడిపింది.

చెంగమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. కారు దిగిన కొడుకును చూసి, కాళ్లు కడుక్కోవడానికి తెచ్చిన చెంబు అక్కడే పెట్టేసి వచ్చి మెడ మీద చెయ్యి పెట్టింది.

"ఏందిరా ఇట్లయిపోయినావు? పెదాలన్నీ ఎండిపోయినాయే. మళ్లీ జొరమొచ్చిందా?"

"లేదుమా. బాగుండా."

"బాగుండేటోడి మొగమా ఇది? రేవతీ, ఏం పెడతా ఉండావే వీడికి?"

"నేను పెడతానే ఉండా అత్తా. ఈయనే తినేది మాని మిషన్‌కి లెక్క చెప్పుకుంటా ఉండాడు."

చెంగమ్మకు అర్థం కాలేదు. సంగటి తినిపొమ్మంది. తులాభారం అయ్యాక తింటానన్నాడు రఘునాథ్. భక్తి అనుకుని ఆమె బలవంతం చేయలేదు. మొక్కు తీరకముందే కొడుకు ఇలా వాడిపోయి కనిపించడం మాత్రం ఆమెకు నచ్చలేదు. దారి పొడుగునా రెండుసార్లు మెడ తాకి చూసింది.

గుట్ట మీద గుడి చిన్నది. తక్కెడ మాత్రం పెద్దది. మండీలు కరెంటు కాటాలకు మారిపోయాక ఎవరో తమ పాత ఇనుప తక్కెడను గుడికి ఇచ్చేశారు. అది మండపం దూలానికి వేలాడుతోంది. అందులో అంకెలు కనిపించవు. ఏది ఎక్కువ, ఏది తక్కువ, అంతే. గుడి వ్యవహారాలు చూసేది మునిరామయ్య. రఘునాథ్‌కు వరసకు పెదనాయన. పద్ధతులన్నీ ఆయనకే తెలుసు. తెలియనివి ఆయన అక్కడికక్కడే గుర్తు తెచ్చుకుంటాడు.

చొక్కా లేకుండా పంచెతో కూర్చోవాలన్నాడు మునిరామయ్య. ఊరు ఊరంతా వచ్చి ఉంది. రఘునాథ్ పొట్టను వీలైనంత లోపలికి లాక్కున్నాడు. ఉంగరం తీసి రేవతికి ఇచ్చాడు. వాచీ ఇచ్చాడు. ఫోన్, పర్సు ఇచ్చాడు. పక్కకు తిరిగి వెండి మొలతాడు కూడా విప్పి ఇచ్చాడు.

"ఈ మొలతాడు పట్టుకోని నేను ఊరి ముందర నిలబడాల్నా?" అంది రేవతి గొంతు తగ్గించి.

"సంచిలో ఎయ్యి."

మిషన్ ఎక్కి చూసుకోవడానికి సందు దొరకలేదు. మునిరామయ్య చెయ్యి పట్టుకుని తట్టలో కూర్చోబెట్టాడు. తట్ట కిందికి దిగి నేలకు ఆనింది. రఘునాథ్ బాసింపట్టు వేసి, చేతులు జోడించి, కళ్లు మూసుకున్నాడు. లోపల స్వామికి నేరుగా చెప్పుకున్నాడు: నా అసలు బరువు నీకు తెలుసు.

చెంగమ్మ పసుపు బట్ట కప్పిన గంపల్లోంచి బెల్లం ముద్దలు తీసి రెండో తట్టలో ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టింది. సొంత చేత్తోనే పెట్టాలి. సగం గంపలయ్యాయి. ఏమీ కాలేదు. ముక్కాలు గంపలయ్యాయి. తట్ట కదల్లేదు. దేవేంద్ర ఫోన్ పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"బావా, ఇటు చూడు. ఊపిరి ఇడిసి మాట్లాడు. పొట్ట ఎంతసేపు పట్టుకుంటావు?"

ఆఖరి గంప మొదలైంది. అప్పుడు కింద ఏదో వదులైంది. తట్ట నేలను వదిలింది. ఊగింది. పైకి లేచింది.

"లేస్తా ఉండాడు, లేస్తా ఉండాడు!" అన్నారెవరో.

రఘునాథ్ కళ్లు తెరిచాడు. నిజంగానే లేస్తున్నాడు. నేల దూరమవుతోంది. రెండేళ్లుగా తాను చెబుతున్నది ఊరి ముందు రుజువవుతోంది. వాకింగ్ స్నేహితులు ఇక్కడ లేకపోయారే అని బాధపడ్డాడు. తెచ్చిందంతా సామికేనని చెంగమ్మ తల ఎత్తకుండా ఇంకా పెడుతూనే ఉంది. అతను ఇంకా లేస్తూనే ఉన్నాడు. ఆఖరి ముద్ద పడగానే బెల్లం తట్ట దబ్బున నేలకు ఆనింది. రఘునాథ్ మండపం మధ్యలో మనుషుల ఛాతీ ఎత్తున ఉయ్యాల ఊగాడు. ఆ క్షణంలో అతని ముఖంలో ఉన్న ఆనందాన్ని దేవేంద్ర చక్కగా వీడియో తీశాడు. దాన్ని ఎవరూ కాదనలేరు.

"చెంగమ్మా," అన్నాడు మునిరామయ్య. "బెల్లం ఎక్కువైపాయ."

"అయితే నాలుగు ముద్దలు దించండి పెదనాయనా," అన్నాడు రఘునాథ్ పై నుంచి, పెద్ద మనసుతో.

"దించేది లేదు. సామి తట్టలోది సామిదే."

"మరెట్ల? అమ్మా, డెబ్బై ఎనిమిది కదా వండియ్యమన్నా?"

"నువ్వు డెబ్బై ఎనిమిదే చెప్పినావు సామీ. నేను పదికి ఒకటి కలుపుకున్నా." చెంగమ్మ చేతులకంటిన బెల్లం తుడుచుకుంటూ చెప్పింది. "మండీలో మీ నాయనకు ఎప్పుడన్నా నిజం తూకం చెప్పినారా? పదికి ఒకటి కలుపుకుంటేనే మన లెక్క సరిపొయ్యేది. నువ్వూ దిష్టి తగలకుండా తగ్గించి చెప్పినావనుకున్నా. బుద్ధిమంతుడే అనుకున్నా."

అంటే ఎనభై ఆరు. రఘునాథ్ ఎనభై. మునిరామయ్య మండపం అంచున కూర్చుని కాసేపు పద్ధతులు గుర్తు తెచ్చుకున్నాడు. తర్వాత లేచి తీర్పు చెప్పాడు.

"బెల్లం తగ్గకూడదు. మనిషి పెరగొచ్చు."

మొదట ఉంగరం వచ్చింది. తర్వాత వాచీ. రేవతి సంచిలోంచి మొలతాడు తీసి, అందరూ చూస్తుండగా, "ఇదో, కట్టుకో," అని ఇచ్చింది. తట్ట కదల్లేదు. తర్వాత చెంబుతో నీళ్లొచ్చాయి. పొద్దుటి నుంచీ చుక్క నీళ్లు ముట్టని మనిషి. చెంబు ఎత్తి దించకుండా తాగాడు. తట్ట కొద్దిగా దిగింది. జనం నుంచి ఒక మెచ్చుకోలు శబ్దం వచ్చింది.

"ఇంకో చెంబు," అన్నాడు మునిరామయ్య.

ఇంకో చెంబు తాగాడు. తట్ట ఇంకొంచెం దిగింది. నీళ్లు తాగితే మనిషి బరువు పెరుగుతాడని, తాను ఇన్నేళ్లు వాదిస్తున్న విషయం, ఇంత స్పష్టంగా ఊరికి చూపించే అవకాశం వస్తుందని రఘునాథ్ అనుకోలేదు. ఇలా చూపించాలనీ అనుకోలేదు.

ప్రసాదం పులిహోర తెచ్చారు. చెంగమ్మ ముందుకొచ్చి, చెయ్యి పైకెత్తి, గాల్లో వేలాడుతున్న నలభై తొమ్మిదేళ్ల కొడుక్కి ముద్దలు పెట్టింది. ముద్ద ముద్దకీ తట్ట వైపు చూసింది. అతని ముఖంలోకి కూడా చూసింది. పెదాలు తడిదేరాయి. చెంపల్లోకి కాస్త రంగొచ్చింది. ఆమె తక్కెడ మాట మర్చిపోయినట్టుంది.

"తిను సామీ. ఇంకో రెండు ముద్దలు. పొద్దున నిన్ను చూసి నా పానం యాడికో పోయింది."

"చాలుమా."

"గమ్మునుండి తిను."

"బావా, నమల్తా ఇటు చూడు," అన్నాడు దేవేంద్ర. "ఆ, అట్లా. కొంచెం నవ్వు."

పులిహోర అయింది. ఇంటి నుంచి సంగటి వచ్చింది, ఊరిబిండితో సహా. మూడు వారాలుగా రఘునాథ్ దిగమింగుకున్న ఆకలంతా మునిరామయ్య ఆమోదంతో తీరుతోంది. అయినా ఇంకా తేడా ఉంది. తడిబట్టలతో తూగితే పుణ్యం ఇంకా ఎక్కువని మునిరామయ్యకు గుర్తొచ్చింది. రేవతి బిందె ఎత్తి నెత్తి మీద నుంచి పోసింది. అవసరానికి మించి ఇష్టంగా పోసిందని రఘునాథ్‌కు అనిపించింది. పంచె తడిసి బరువెక్కింది. తట్ట దిగి, దిగి, నాలుగు వేళ్ల తేడాలో ఆగిపోయింది. ఇంక మనిషిలోకి ఏదీ పోదు.

"పదికి ఒకటి ఎక్కువైందేమో," అంది చెంగమ్మ భయంగా. "మునిరామ బావా, ఆగిపోతే ఎట్ల? మొక్కు తీరకుండా వీడిని ఇంటికి తీసుకోని పోలేను నేను."

దేవేంద్ర కూడా ఫోన్ దించాడు. రేవతి అత్త ముఖం చూసింది, భర్త ముఖం చూసింది, చరచరా మెట్లు దిగి కారు దగ్గరికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో తువ్వాలు మూట ఉంది.

"ఒళ్లో పెట్టుకో."

రఘునాథ్ మూట విప్పలేదు. విప్పకపోయినా ఏమిటో తెలుసు. రెండు చేతులా అందుకుని, తడి పంచె మీద, నిండిన పొట్టకు ఆనించి పెట్టుకున్నాడు. తక్కెడ దూలం కిర్రుమంది. తట్ట దిగింది. బెల్లం లేచింది. రెండూ కాసేపు అటూ ఇటూ ఊగి, ఎదురెదురుగా, ఒకే ఎత్తులో నిలబడిపోయాయి.

"గోవిందా!" అన్నారందరూ. గంట మోగింది. చెంగమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

దిగబోతున్న రఘునాథ్‌ను మునిరామయ్య ఆపాడు. "ఒంటి మీదుండేది మనిషిది. ఒళ్లోది సామిది. దాన్ని ఆడ పెట్టు."

అలా మిషన్ గుట్ట మీద ఉండిపోయింది. ఇప్పుడు దానికి పసుపు రాసి, నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టారు. మునిరామయ్య దాని మీద పూలబుట్ట పెడతాడు. పెట్టినప్పుడల్లా ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ముసలివాళ్లు చూసి దండం పెట్టుకుంటారు. గుట్ట మీద నేల సమంగానే ఉంటుంది గానీ, దాని మీద కాలు పెట్టి నిలబడే ధైర్యం ఎవరికుంటుంది?

దేవేంద్ర వీడియో ఆ సాయంత్రమే బంధువుల గ్రూపులో పడింది. కింద "మా బావ, ఎనభై ఆరు కిలోలు" అని రాశాడు. అది ఎలా తిరిగిందో గానీ సోమవారానికి వాకింగ్ బెంచీకి చేరింది. అందులో కిలోకు పైగా తడి పంచె ఉందని, రెండు చెంబుల నీళ్లున్నాయని, పులిహోర, సంగటి, వాచీ, మొలతాడు, మిషన్ ఉన్నాయని రఘునాథ్ ఒక్కొక్కటీ తీసేస్తూ వివరించాడు. అంతా విని ఒక స్నేహితుడు, "అన్నీ తీసేస్తే ఏ మనిషైనా తక్కువేలే అప్పా," అన్నాడు. అప్పటి నుంచి రఘునాథ్ రోజూ అద్దం ముందు చాలాసేపు నిలబడుతున్నాడు. లోపల ఎవరున్నారో చెప్పే అంకె లేదు. చొక్కా లోపలికి పెట్టి, బయటికి తీసి, మళ్లీ లోపలికి పెట్టి, ఆఫీసుకు ఆలస్యంగా పోతున్నాడు. కొత్త మిషన్ కొంటే దాన్ని కూడా గుట్ట మీదే ఇచ్చి వస్తానంది రేవతి. అలా అన్న మనిషే ఆ వీడియోలో, బిందె ఎత్తినప్పుడు, తాను నిలువెత్తుగా కనిపిస్తున్నానని తమ్ముడితో పోట్లాడి ఆ ముక్క కత్తిరించింది.

ఇంతటితో అయిపోతే ఎవరినీ ఇబ్బంది పెట్టవలసిన పని లేదు. కానీ ఆ రోజు కారు దిగిన కొడుకు ముఖం చెంగమ్మ మర్చిపోలేకపోయింది. కొడుకు మళ్లీ మామూలుగా ఒళ్లు చేస్తే వచ్చే ఏడు ఇంకో తులాభారం ఇస్తానని, బెల్లం పంచుతూ పంచుతూ అక్కడే మొక్కేసుకుంది. ఈసారి చెరకు ఇంకో చెక్క ఎక్కువే ఆపుతుందట. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తోంది. "ఎంతకొచ్చినావు సామీ?"

అయ్యా, అమ్మా, చదివిన మీలో లెక్క తెలిసినవాళ్లు ఎవరైనా దయచేసి సలహా చెప్పండి. ఆ మనిషి ఏమని జవాబివ్వాలి? నిజం చెబుదామంటే మిషన్ లేదు. ఉజ్జాయింపుగా ఎనభై మూడు అందామంటే ఆమె పదికి ఒకటి కలుపుకుంటుంది, తొంభై ఒకటి వండిస్తుంది. అప్పుడు అతను గాల్లోనే ఉండిపోతాడు, ఈసారి ఒళ్లో పెట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. ఆమె కలుపుకుంటుందని తెలిసి ముందే తగ్గించి చెబుదామంటే డెబ్బై అయిదు అనాలి. ఆ మాట ఒకసారి నోటితో అంటే రఘునాథ్ అదే తన అసలు బరువని నమ్మేస్తాడు, ఆ రాత్రి నుంచే అన్నం మానేస్తాడు. కలుపుకోవద్దని ఆమెకు చెబితే, దిష్టికి భయపడి చెబుతున్నాడనుకుని ఇంకొంచెం కలుపుకుంటుంది. మాకెవరికీ తోచడం లేదు. ఏ అంకె చెప్పాలో కాస్త త్వరగా చెప్పండి. గానుగ మళ్లీ మొదలుపెట్టేలోపల తెలిస్తే చాలు.